తిట్టుకొక గులాబీ

నారాయణఖేడ్ బస్టాండు ముందర కొత్తిమీర, పాలకూర అమ్మే సాలమ్మ నోటికి అడ్డూ అదుపూ లేదని ఊరందరికీ తెలుసు. కట్ట విప్పి చూసినవాణ్ణి తిట్టేది. చూడకుండా కొన్నవాణ్ణీ తిట్టేది. చిల్లర లేదన్నవాళ్ళకు ప్రత్యేకంగా వడ్డించేది. అయినా జనం ఆమె దగ్గరే కొనేవారు, ఎందుకంటే తిట్టాక గుప్పెడు ఎక్కువ వేసేది.

ఆమె పక్కనే, ఒకే తాటిపత్రి గుడ్డ నీడన, లక్ష్మవ్వ పచ్చిమిరపకాయలు అమ్మేది. ఏళ్ళ తరబడి పొద్దున్నే ఇద్దరికీ గోనెసంచి పరిచే జాగా మీద కొట్లాట. నోళ్ళు అలసిపోయాక ఒక చాయ్ తెప్పించుకుని రెండు గ్లాసుల్లో పోసుకుని తాగేవారు. సాలమ్మ ఎప్పుడూ లక్ష్మవ్వకు కుడిపక్కనే కూర్చునేది. లక్ష్మవ్వకు ఎడమ చెవి వినపడదు. పెళ్ళయిన కొత్తలో మొగుడు కొట్టిన చెంపదెబ్బకు పోయిందని ఆమె ఒక్క సాలమ్మకే చెప్పుకుంది. కుడిపక్కన కూర్చుంటేనే కదా తిట్టు పూర్తిగా చేరేది.

ఈ కాపురం సాలమ్మ కోడలు జీవిత చేతిలో పడింది. ఒకరోజు బేరమాడినవాణ్ణి అత్త ఉతికి ఆరేస్తుంటే, జీవిత ఫోన్‌లో లైవ్ పెట్టింది. హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయిన, సాలమ్మ పుట్టింటి కంగ్టి పిల్లలు చూశారు. వాళ్ళలో శివరాజ్ అనేవాడు "అవ్వా, నన్ను గూడ ఒక్కసారి తిట్టు" అని రాసి గులాబీ పంపాడు. మేస్త్రి చేత పొద్దంతా ఊరికే తిట్లు తినేవాడు, సాయంత్రం డబ్బిచ్చి మరీ తిట్టించుకున్నాడు. పాపం, సొంతూరి తిట్టు రుచే వేరు.

గులాబీ అంటే పువ్వు కాదు, బొమ్మ. చూసేవాడు దాన్ని పైసలు పెట్టి కొని పంపుతాడు. ఆప్ సగం మింగి, మిగిలింది లైవ్ పెట్టినవాళ్ళ ఖాతాలో వేస్తుంది.

"సగమెందుకు తీస్కుంటరే? ఆళ్ళు గూడ తిట్టిండ్రా?" అని సాలమ్మ అడిగింది.

జీవిత అప్పటికే ఇంకో ఆప్ దించుకుంటోంది. 

కొన్నాళ్ళకే ఆ విద్యలో దిట్ట అయింది. ఒక ఆప్‌లో గులాబీలు, వాటికంటే ఖరీదైన సింహాలు. ఇంకోదాంట్లో నక్షత్రాలు. మూడోదాంట్లో చందాదారులు సరిపడా పోగయ్యేదాకా పైసా రాదు, పోగయ్యాక పైసలిచ్చినవాడి పేరు రంగుల్లో పైకి లేస్తుంది, ఆ పేరు చదివి మరీ తిట్టాలి. నక్షత్రాల ఆప్‌లో సాలమ్మ అలవాటుగా "నీ పాడెగట్ట" అనగానే కొన్నాళ్ళు ఖాతాకు తాళం వేశారు. ఆ ఆప్‌కు తెలుగు రాదు గానీ పాడె మాత్రం తెలిసింది. అప్పటినుంచి సాలమ్మ అక్కడ "నీ ఇల్లు సల్లగుండ" అని పళ్ళు కొరుకుతూ తిట్టేది.

లక్ష్మవ్వ మనవరాలు నిరోష ఇదంతా చూసి ఊరుకుంటుందా? అమ్మమ్మకూ ఒక ఫోనూ, దానికో స్టాండూ తెచ్చింది. ఇగ బ్యాటిల్ మొదలైంది. తెర సగం సాలమ్మది, సగం లక్ష్మవ్వది. ఎవరికి ఎక్కువ బహుమతులొస్తే వాళ్ళు గెలిచినట్టు. సాలమ్మ పుట్టిల్లు కంగ్టి, లక్ష్మవ్వది సిర్గాపూర్. హైదరాబాదులో ఒకే షెడ్డులో పడుకునే కంగ్టివాళ్ళూ సిర్గాపూర్‌వాళ్ళూ మండలం పరువు కోసం కూలి డబ్బులు సింహాలకు తగలేశారు. ఆప్ కంపెనీ ఏ మండలమో ఎవరూ అడగలేదు.

పక్కపక్కన కూర్చుంటే ఒక ఫోన్ గొంతు ఇంకోదాంట్లో దూరి గోలగోల అవుతోందని, నిరోష అమ్మమ్మను బస్టాండు అవతలి గేటు దగ్గరికి మార్చింది. జీవిత ఇంకో ఆజ్ఞ వేసింది. "లైవ్‌ల తప్ప లచ్చవ్వతోని కొట్లాడకు అత్తా. ఊకె కొట్లాడితె కంటెంట్ ఖరాబైతది." ఇగ పొద్దున్నే ఇద్దరూ ఎదురుపడినా తిట్లు దాచుకుని తల తిప్పుకుని పోయేవారు. చాయ్ ఎవరిది వాళ్ళు తాగేవారు. సాలమ్మకు ఆ చాయ్ సహించేది కాదు.

ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక బ్యాటిల్ పెట్టారు. సిర్గాపూర్ పైచేయిగా ఉంది. "పెద్దదేదన్న అను అత్తా, ఓడిపోతున్నం" అని జీవిత సైగ చేసింది. సాలమ్మ వెనకాముందూ చూడలేదు.

"మొగుడు కొడితె చెవి పోయిన చెవిటిదానివి, నువ్వా నన్ననేది?"

సింహాల మీద సింహాలు దూకాయి. కంగ్టి గెలిచింది. లక్ష్మవ్వ లైవ్ ఆపేసింది, తెరలో ఆమె వైపు సగం నల్లబడింది. జీవిత చప్పట్లు కొడుతుంటే సాలమ్మ ఫోన్‌ను బోర్లా తిప్పింది. అన్నది నోరే గానీ, అమ్ముకున్నది లక్ష్మవ్వ పరువు.

మర్నాడు సాలమ్మ లక్ష్మవ్వ ఇంటికి పోయింది. లక్ష్మవ్వ ముంగిట్లో కూర్చుని తొడిమలు తీస్తోంది.

"తిట్టు లచ్చవ్వా," అంది సాలమ్మ.

"ఫోనేది?"

"ఇంట్ల పెట్టొచ్చిన."

"అయితె ఎందుకు తిట్టాలె? నిన్ను ఊకె తిట్టేటంత సుట్టరికం మనకేడిది?" అని లక్ష్మవ్వ చాట తీసుకుని లోపలికి పోయింది.

ఇన్నేళ్ళలో లక్ష్మవ్వ అన్న మాటల్లో అంత గట్టిగా తగిలింది లేదు. సాలమ్మ దారంతా కొంగుతో ముక్కు తుడుచుకుంటూ ఇల్లు చేరింది.

తెల్లారి తన సంచి ఎత్తుకుని అవతలి గేటు దగ్గరికి నడిచింది. లక్ష్మవ్వకు కుడిపక్కన, సగం సంచి ఆమె జాగాలో పడేటట్టు పరిచి కూర్చుంది. లక్ష్మవ్వ అటు చూడలేదు. సాలమ్మ కొత్తిమీర మీద నీళ్ళు చల్లింది. అవి కారి మిరపకాయల కుప్ప కిందికి పోయాయి. ఇంకో దోసెడు చల్లింది.

"నీ చేతులిరగ! కాయ కుళ్ళిపోతె మీ అయ్యొచ్చి కొంటడా? తియ్యవే సంచి," అంది లక్ష్మవ్వ.

సాలమ్మ ప్రాణం లేచి వచ్చింది. "జాగ నీ పేరు మీద పట్టా ఉన్నదా?" అని అందుకుంది. లక్ష్మవ్వ తన చెవి సంగతి దగ్గర మొదలుపెట్టి, నమ్మి చెప్పినందుకు తన చెప్పుతో తనే కొట్టుకోవాలని, ఎదుటిదాని నోరు పురుగులు పడాలని, ఊపిరి తిప్పుకోకుండా తిట్టింది. సాలమ్మ ఏడుస్తూ మధ్యమధ్యలో సంచి జాగా గురించి మాత్రం జవాబిచ్చింది.

సంగతి తెలిసి జీవిత ఫోన్ ఎత్తుకుని ఉరికొచ్చింది. ఫోన్ లేవగానే ఇద్దరి నోళ్ళూ మూతపడ్డాయి.

"జర ఇంకొక్కసారి అనుండ్రి," అని బతిమాలింది జీవిత.

"కొత్తిమీర కొంటవా?" అంది అత్త. "కొంటె కొను. లేకుంటె ఎల్తురుకు అడ్డం రాకు, జరుగు."

జీవిత ఫోన్ దించింది. లక్ష్మవ్వ చాయ్‌వాణ్ణి పిలిచి ఒకటి తెమ్మంది, రెండు గ్లాసులు తెమ్మంది. తర్వాత సాలమ్మ వైపు తిరిగి, ఆపినకాడి నుంచి అందుకుంది.