ప్రమాణం ఎవరు చెయ్యాలి

నేను బర్మాలో పుట్టాను. ఒళ్లో పిల్లగా ఉన్నప్పుడే అమ్మ నన్ను ఓడలో ఇక్కడికి తెచ్చేసింది. పామర్రు పొలాల్లో నాట్లు వేస్తూనే ముసలిదాన్నయ్యాను. మా ఆయన పోయాక, రేషన్ కార్డు నా పేరున మార్చడానికి కాగితం రాసుకునేవాళ్లు ఎక్కడ పుట్టావని అడిగితే నిజం చెప్పాను. అదే నేను చేసిన తప్పు. నువ్వు ఈ దేశస్థురాలివి కాదు, పౌరసత్వం తెచ్చుకోకపోతే రేషన్ కార్డులో పేరు ఉండదన్నారు. ఇన్నేళ్లూ ఓట్లప్పుడు నా వేలికి సిరా పూసినవాళ్లెవరూ ఈ మాట అనలేదు.

పౌరసత్వం కోసం విజయవాడ ఆఫీసుకు వెళ్లాను. నాకు చదువు రాదని ఆఫీసరే కాగితం పట్టుకున్నాడు.

"నేను చదువుతాను, మీరు అనండి. ఈ దేశానికి విధేయంగా ఉంటానని ప్రమాణం చెయ్యాలి మామ్మగారూ."

మా వైపు ప్రమాణం ఊరికే చేయించరు. ఇంట్లో ఏదైనా పోతే, ఎవరి మీద అనుమానమో వాళ్ల చేత కర్పూరం ఆర్పించి చేయిస్తారు.

"ఏం పోయింది బాబూ?" అన్నాను.

"ఏం పోలేదండీ. రూలు."

"మరి ఇక్కడ పుట్టినవాళ్లు చేస్తారా?"

"వాళ్లకెందుకండీ? పుట్టారుగా."

కార్డు పోతుందన్న భయంతో అతను చదివిన ప్రతి మాటా అన్నాను. రాజ్యాంగం అన్న మాట దగ్గర నాలుక తిరగకపోతే మళ్లీ మొదటినుంచీ అనిపించాడు. విధేయంగా ఉంటానని రెండుసార్లు మాటిచ్చినట్టయింది.

"ఇక నాకు పౌరసత్వం వచ్చేసినట్టేనా?" అని అడిగాను.

"ఫైలు పైకి వెళ్లాలండీ. వస్తుందని మాత్రం నేను మాటివ్వలేను" అన్నాడు.