కస్తూరికి ఆ మధ్యాహ్నం అన్నం పెట్టిందెవరు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయమూ లేదు. తిరుపతి నుంచి రేణిగుంట పోయే దారిలో, కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేని ఆడవాళ్లను చూసుకునే హోం ఒకటుంది. అందులో పదమూడేళ్లుగా ఆయాగా చేస్తున్నాను. అక్కడ కన్నుమూసిన తొమ్మిది మందికి ఈ చేతులతోనే నీళ్లు పోశాను. ఒక్కరు కూడా తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. నాది ఐదో తరగతి చదువు. కథలు కట్టడం రాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కస్తూరికి ముప్పై ఎనిమిదేళ్లు. చిన్నప్పుడు మెదడుకు జ్వరమొచ్చి చేతులు బిగుసుకుపోయాయి, మాట పోయింది. నవ్వు మాత్రం పోలేదు. వాళ్లమ్మ చనిపోయాక అన్న తెచ్చి మా దగ్గర చేర్చాడు. ఆయన శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. నెలకొక ఆదివారం వచ్చి చూసి పోతాడు.

కస్తూరికి తినిపించడం ఒక విద్య. గడ్డం కింద రెండు వేళ్లతో మెల్లగా తడితే నోరు తెరుస్తుంది. ముద్ద గొంతు దిగేదాకా ఆగాలి. నేను కాక ఇంకెవరు పెట్టబోయినా పళ్లు బిగించేస్తుంది. హోంలో ఆయాలం ఇద్దరమే. రెండో ఆయా ఎస్తేరు. అది చేయని ప్రయత్నం లేదు. "మహారాణికి నీ చెయ్యే కావాల్నంటక్కా! నా చేతికేమన్నా తెగులొచ్చిందా?" అని సణుగుతూ చెంచాతో పాలు పోసేది. నేను సెలవు పెట్టిన రోజు కస్తూరికి ఆ పాలే గతి.

పోయిన మామిడికాయల కాలంలో మా చెల్లెలి కూతురి సీమంతానికి బంగారుపాళ్యం పోవాల్సి వచ్చింది. బయలుదేరేటప్పుడు కస్తూరి నా కొంగును వేళ్ల మధ్య ఇరికించుకుని వదల్లేదు. "రేపు మద్యానానికి వచ్చేస్తా గదే. పెరుగన్నం నేనే పెడతా" అని మాటిచ్చి విడిపించుకున్నాను.

మరుసటి రోజు పొద్దున్నే బయలుదేరాను. మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ముందు కాయల ట్రాక్టర్లు రోడ్డు మీదిదాకా బారులు తీరి మా బస్సును కదలనివ్వలేదు. చిత్తూరు చేరేసరికే పన్నెండు దాటింది. అక్కడ తిరుపతి బస్సెక్కి టికెట్ తీసుకున్నాను. దాని మీద పన్నెండు యాభై అని అచ్చయి ఉంది. ఆ టికెట్ ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. బస్సులో నేను నిద్రపోలేదు, కల కనలేదు, ఒళ్లు జలదరించలేదు. కస్తూరి ఆకలితో వాకిలి వైపు చూస్తూ ఉంటుందే అనుకుంటూ వచ్చాను. అంతే.

హోం చేరేసరికి మూడు దాటింది. మేనేజరు మేడం గేటు దగ్గరే నిలబడి ఉంది. రెండు గంటలప్పుడు కస్తూరి పోయిందని చెప్పింది. దిండ్లకు ఆనించి కూర్చోబెట్టిన చోటే తల వాలిపోయిందట. డాక్టరు వచ్చి చూసి, గుండె ఉన్నట్టుండి ఆగిపోయిందన్నాడట. గొంతులో ఏదీ అడ్డం పడలేదు, ఎవరి తప్పూ లేదని కూడా చెప్పి పోయాడట.

తప్పు నాదేననిపించింది. మాటిచ్చి రాలేదు. అది ఖాళీ కడుపుతో నాకోసం చూసి చూసి పోయింది. ఎస్తేరును పట్టుకుని, "పాలన్నా తాగిందా?" అని అడిగాను.

"పాలేందక్కా? నువ్వే గదా అన్నం పెడితివి!"

"నేనెప్పుడు పెట్టినానే? బస్సు దిగి ఇప్పుడే గదా వచ్చింది!"

"ఎగతాళికి ఇదా సమయం? ఒంటిగంటప్పుడు గుడ్డలారేసి వస్తా కిటికీలోంచి సూస్తిని. మంచం కాడ కూసోని దాని గడ్డం తడతా ఉండావు. అక్కా, అప్పుడే వస్తివా అంటే పలకలా. నామింద అలిగినావేమో అనుకోని పోతిని."

"నా ముఖం సూస్తివా?"

"ముఖం యాడ? వీపు. నీ వీపు నాకు తెలీదా? నీ పచ్చచీర తెలీదా?"

పచ్చచీర మా డ్యూటీ చీర. ఆ మాట అన్నాక ఎస్తేరు నన్ను పైనుంచి కిందికి చూసింది. నేను సీమంతానికి కట్టిన పట్టుచీరలోనే ఉన్నాను.

గదిలోకి పోయి చూశాను. కస్తూరి పళ్లెం కడిగి బోర్లించి ఉంది. కిటికీ గట్టు మీద ఒక పెరుగన్నం ముద్ద ఉంది. రోజూ ఆఖరి ముద్దను కస్తూరి చుట్టూ తిప్పి దిష్టి తీసి, కాకికని అక్కడే పెడతాను. ఎస్తేరు చర్చికి పోయే మనిషి. దిష్టి అంటేనే నవ్వుతుంది. అయినా తనే తినిపించి, భయపడి నా పేరు చెబుతోందేమోనని అనుమానపడ్డాను. కానీ కస్తూరి దానికి నోరు తెరిచే మనిషి కాదు. వాచ్‌మన్‌ను అడిగితే, మూడు దాటేదాకా నేను గేటు లోపలికి రానేలేదన్నాడు. గదిలో ఇంకో ముగ్గురున్నారు. వాళ్లు చూసే ఉంటారు. చెప్పడానికి వాళ్లకు మాటలు లేవు.

స్నానం నేనే చేయించాను. పెదవి మూల ఒక మెతుకు అంటుకుని ఉంది.

సాయంత్రం అన్న వచ్చాడు, ఫ్యాక్టరీ బట్టలతోనే. చెల్లెలి తల చాలాసేపు నిమిరాడు. ఎవరినీ నిలదీయలేదు. నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, మాయమ్మ పోతా పోతా ఒగటే సెప్పింది. దాన్ని పస్తు పెట్టొద్దురా అని. పొయ్యే ముందర తినిందా?"

"తినిందప్పా."

"ఎవురు పెట్టినారు? నీ సేత్తో తప్ప తినదే?"

ఎస్తేరు తల దించుకుంది. మేడం నా వైపే చూస్తోంది. నేను పెట్టానంటే అబద్ధం. పెట్టలేదంటే, అది తిన్నదన్న మాట ఆయనెలా నమ్ముతాడు?

"నేనే" అన్నాను.

ఆయన నా కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. అప్పుడు ఏడ్చాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను. ఆ దండం ఎవరికి చెందాలో నాకు ఇప్పటికీ తెలియదు.