సబ్బుల సోఫా

ఆ రోజుల్లో దోహాలో మనవాళ్ళలో ఎవరింటికి వెళ్ళినా నిజానికి రెండిళ్ళు కనిపించేవి. ఒకటి మనుషులు ఉండేది, రెండోది అట్టపెట్టెల్లో ఉండేది. సెలవు ముగించుకుని ఊరి నుంచి తిరిగొచ్చిన వారమే వచ్చే సెలవుకి సామాను కొనడం మొదలుపెట్టేవాళ్ళం. సబ్బులు, పాలపొడి డబ్బాలు, నారింజ పొడి సీసాలు, దుప్పట్లు, టార్చిలైట్లు, ఏ కొట్లో ధర తగ్గించారంటే ఆ కొట్లో వాలిపోయి, తెచ్చి మంచం కిందికి తోసేవాళ్ళం. (సొంతానికి మాత్రం ఉన్న సబ్బు కాగితమంత పల్చబడేదాకా కొత్తది తీసేవాళ్ళం కాదు. మంచం కిందవి ఊరివాళ్ళవి కదా.)

అందరిలోకీ నాకా జబ్బు కాస్త ముదిరింది. ఒక కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా చేరి, మూడేళ్ళు బ్యాచిలర్ గదిలో ఉండి, పెళ్ళయ్యాక ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో హాలూ పడగ్గదీ ఉన్న చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని మా ఆవిడను రప్పించాను. నాతోపాటు నా పెట్టెలూ వచ్చాయి. కొత్త పెళ్ళికూతురు వంటగదిలోకి వెళ్ళాలంటే పక్కకి తిరిగి నడవాలి. వారం రోజులు ఓపిక పట్టి, "ఏవండీ, మనం కాపురానికొచ్చామా, గోడౌన్‌కి కాపలాకొచ్చామా?" అని అడిగింది.

అసలు చిక్కు రెండు నెలల తర్వాత వచ్చింది. గోదావరి, కృష్ణా జిల్లాల క్రైస్తవ కుటుంబాలవాళ్ళం, అక్కడ సెలవు కాబట్టి శుక్రవారాలు వంతులవారీగా ఒక్కొక్కరింట్లో ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. మా వంతు వచ్చింది. వచ్చేవాళ్ళలో ఒక ఇంజనీరుగారి భార్య ఉండేది. ఏ ఇంటికి వెళ్ళినా కర్టెన్ల కుట్టు కూడా పరీక్షించేది కాబట్టి మేం ఆవిడకి క్వాలిటీ కంట్రోల్ ఆంటీ అని పేరు పెట్టుకున్నాం. చాప మీద కూర్చోబెడితే ఆ కబురు సాయంత్రానికి ఊరి చివరి ముఐథర్ దాకా వెళ్తుందని మా ఆవిడ భయం. సోఫా కావాలంది. సోఫా కొంటే మే నెలలో ఆమె చెల్లెలి పెళ్ళికి టిక్కెట్లు లేవు. రెండూ తన కోరికలే కావడంతో ఎవరి మీద కోప్పడాలో తెలియక ఒక పూట నా మీద కోప్పడింది.

పై అంతస్తులో కరీంనగర్ భాయ్ ఉండేవాడు. కార్గో ఆఫీసులో పెట్టెలు కట్టడం ఆయన పని. మా గొడవ విని కిందికి దిగాడు. హాలు నలుమూలలా చూసి, "తమ్మీ, ఇంట్ల గిన్ని సామాన్లు వెట్టుకొని సోఫా కొంటవా? ఫులూస్ ఎక్కువైనయా?" అన్నాడు. (ఫులూస్ అంటే అక్కడ డబ్బు.) తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, "చెల్లె, నువ్వు ఛాయ్ వెట్టు. మీ సోఫా ఈడనే ఉన్నది, మూట విప్పలే అంతే," అన్నాడు.

రెండు శుక్రవారాలు పట్టింది. సబ్బుల్ని ఇటుకల్లా, సందు లేకుండా పేర్చడం ఆయన విద్య. మోకాలు ఆనించి తాడు లాగితే పెట్టె కుయ్యిమనేది. తీరా కూర్చుంటే బండమీద కూర్చున్నట్టుంది. అప్పుడు మా ఆవిడ రంగంలోకి దిగింది. పెట్టెలు మళ్ళీ విప్పించి, కింద సబ్బులు, మధ్యన బట్టలు, పైన దుప్పట్లు వచ్చేలా సర్దించింది. వీపు ఆనుకోవడానికి పాలపొడి డబ్బాలున్న పెట్టెల్ని నిలబెట్టించింది. నా పాత లుంగీల్లో చిరిగిన బనియన్లు కుక్కి దిండ్లు కుట్టింది. వాళ్ళమ్మకోసం కొన్న నీలం దుప్పట్లు పైన పరిచాక, మేం ముగ్గురం గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాం. హాల్లో నడవడానికి దారి కూడా వచ్చింది. "నేను కట్టిన పెట్టెల మీద దుబాయ్ షేక్ కూసున్నా ఏం గాదు," అన్నాడు భాయ్.

షేక్ సంగతేమో కానీ, ప్రార్థన రోజున ఆ సోఫా నడిమధ్యన కూర్చున్నది ఆంటీగారి భర్త. చాలా భారీ మనిషి. పైగా ఆ రోజు ప్రార్థన చేసింది ఆయనే. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మాత్రం తెరిచి ఆయన కిందున్న పెట్టెనే చూస్తున్నాను. ఆయన గల్ఫ్ దేశాల్ని ఒక్కొక్కదాన్నీ పేరుపేరునా దేవుడి చేతికి అప్పగిస్తుంటే, నేను ఆ పెట్టెని అప్పగించాను. చివరి ఆమెన్‌కి ఆయన ఊగాడు. పెట్టె ఊగలేదు.

గండం గడిచిందనుకుంటే, ఆయన ముక్కు ఎగబీల్చడం మొదలుపెట్టాడు. ఇంతమంది కూర్చున్న వేడికి సబ్బులు పరిమళిస్తున్నాయి. "ఏంటమ్మాయ్, మీ ఇంట్లో ఈ మంచి వాసన?" అన్నాడు. ఆంటీ చప్పున దుప్పటి అంచు ఎత్తి చూసింది. కింద లావుపాటి నల్లటి అక్షరాల్లో మా మామగారి పేరూ, నరసాపురం చిరునామా.

ఏదో ఒక అబద్ధం ఆడదామని నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ, "కొన్నది కాదాంటీ, ఇంట్లో ఉన్నదే," అంది, ఉప్మా వడ్డిస్తున్నంత మామూలుగా.

ఆంటీ వంగి తాడు ముడిని వేలితో లాగి చూసింది. అది కదల్లేదు. "ఎవరు కట్టారే ఇది?" అంది. "పోయినసారి మావి బొంబాయిలోనే పగిలిపోయాయి. సామాన్ల బెల్టు మీద పాలపొడి తిరుగుతుంటే విమానం మొత్తం మమ్మల్నే చూసింది." ఆ తర్వాత గొంతు తగ్గించి, "మా పడగ్గదిలో పంతొమ్మిది పెట్టెలున్నాయమ్మా. ఎవరికీ కనపడకుండా తాళం వేస్తాను," అంది.

ఆ తర్వాత నెలన్నరపాటు భాయ్, నేను, మా ఆవిడ ప్రతి శుక్రవారమూ ఎవరో ఒకరింట్లో పిలుపు మీద సోఫాలు కట్టాం. బిర్యానీలకి లోటు లేదు. మే నెలలో మేం పెళ్ళికి బయల్దేరినప్పుడు సోఫాలో సగం మాతోపాటే విమానమెక్కింది, మిగతా సగం కార్గోలో వచ్చింది. ఒక్క పెట్టె కూడా పగల్లేదు. సబ్బులు కొన్ని వంకరపోయాయేమిటని మా అత్తగారు అడిగితే, అక్కడి ఎండలు అలాంటివని మా ఆవిడ చెప్పింది.

తిరిగొచ్చి తలుపు తీస్తే హాలు బోసిగా ఉంది. మాట్లాడితే గొంతు ప్రతిధ్వనించింది. ఏసీ కింద వట్టి నేల మీద కూర్చున్నాం. ఆ శుక్రవారం నేను బజారుకి బయల్దేరుతుంటే గోడౌన్ మాట ఇంకా గుర్తుంది కాబట్టి సంజాయిషీ చెప్పుకోబోయాను. ఆమె గోడ పొడవు జానలతో కొలుస్తూ, వెనక్కి తిరక్కుండానే, "సబ్బులు ముగ్గురు కూర్చోడానికి సరిపడా తీసుకురండి," అంది.

పైన దుప్పట్లున్నా కాస్త బండలాగే ఉండే ఆ సోఫా మీద పడుకుని నేనెన్ని మధ్యాహ్నాలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయానో. అది భాయ్ పనితనమని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. నడుముకి బెల్టు కట్టుకుని తిరుగుతున్న ఈ వయసులో ఆలోచిస్తే, అందులో ఇరవై ఎనిమిదేళ్ళ వెన్నెముక పనితనం కూడా కొంత ఉందనిపిస్తోంది.