లేడికి మిగిలిన గిట్ట

కొండరాతి మీది పాతకాలపు బొమ్మలకు అతను కాపలాదారు. అందరికీ నీళ్ళ బాబాయి. చూడటానికి ఎవరైనా వస్తే సీసా మూత తీసి రాతి మీద నీళ్ళు కొట్టేవాడు. వెలిసిన ఎర్రరంగు తడికి నిగనిగలాడి, కడుపులో పిల్లతో పరుగెత్తే లేడి బయటపడేది.

"చూశారా, దాహమేసి లేచింది!" అనేవాడు. ఓసారి అది నొప్పులు పడుతుంటే తానే పురుడు పోశాననీ, పిల్ల సిగ్గుపడి మళ్ళీ కడుపులోకి దూరిందనీ కోతలు కోసేవాడు. జనం పడీపడీ నవ్వి చప్పట్లు కొట్టేవారు.

బట్టల కొట్టున్న బావమరిది మాత్రం, "రాళ్ళకి కాపలా ఏంటి బావా, లేచి పారిపోతాయా?" అని ఎకసెక్కాలాడేవాడు. ఇంటా బయటా బాబాయి తలెత్తుకు తిరిగాడంటే ఆ లేడి పుణ్యమే.

రానురాను లేడి పాలిపోయింది. రాయికి ముసలితనం వచ్చిందనుకుని బాబాయి నీళ్ళు ఇంకా ధారాళంగా పోశాడు.

అప్పుడొచ్చింది ఫోటోగ్రాఫరమ్మ, కెమెరాలూ కంప్యూటరూ మోసుకుని. కంటికి ఆనని రంగును కూడా కంప్యూటరు బయటికి లాగుతుందట. అలా తీసిన బొమ్మలు ఎప్పటికీ భద్రంగా ఉంటాయట. బాబాయికి ప్రాణం లేచొచ్చింది. భార్యనూ బావమరిదినీ వెంటబెట్టుకెళ్ళాడు.

"ముందు మా లేడిని తియ్యమ్మాయ్. ఉండు, తడుపుతా."

"అయ్యో, వద్దు బాబాయ్! చుక్క కూడా పడకూడదు."

ముందు ఆమె పక్కనున్న బోసిరాతిని ఫోటో తీసింది. తెర మీద రాయి ఊదారంగుకు తిరిగి, చేతులు పట్టుకుని ఆడే మనుషుల వరుస తేలింది. రోజూ ఆ రాతికే వీపు ఆనించి బాబాయి అన్నం తినేవాడు.

"వీళ్ళంతా నా వెనకే ఉన్నారా!" అని మురిసిపోయాడు.

తర్వాత లేడి వంతు. ఎన్ని రంగులు మార్చినా తెర తెల్లగానే ఉంది. ఆమె భూతద్దం పెట్టి రాతిని చూసింది.

"ఉప్పు పేరుకుంది. నీళ్ళు ఆరిన ప్రతిసారీ ఒక పొర. ఎవరు పోశారిన్ని నీళ్ళు?"

"ఇంకెవరు? మా బావకి ఆ పేరు ఊరికే వచ్చిందా?" అన్నాడు బావమరిది.

"నువ్వు నోర్మూసుకోరా," అంది అతని అక్క, బాబాయి భార్య.

బాబాయి సీసాను వెనక్కి దాచుకున్నాడు. "పెద్ద పెద్ద ఆఫీసర్లొచ్చారమ్మా. చప్పట్లు కొట్టారు. ఒక్కడైనా వద్దన్నాడా?"

ఆమె భూతద్దం పక్కన పెట్టింది. "పాత ఫోటో ఏదైనా ఉందా బాబాయ్? అందులోంచి లాగి చూద్దాం."

ఉంది. ముందుగదిలో పటం కట్టించుకున్నదే. భార్య పరుగున వెళ్ళి గోడ మీంచి తెచ్చింది. అందులో బాబాయి సీసా పట్టుకుని, లేడి ముందు రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. భుజం పక్కన ఒక గిట్ట. అంతే.

ఆమె దాన్ని కంప్యూటరులోకి ఎక్కించింది. గిట్ట నెత్తురులా ఎర్రబడింది. మిగతాదంతా బాబాయి చొక్కా.

"నన్ను చెరిపెయ్యమ్మాయ్," అన్నాడు బాబాయి, తెర మీదికి వంగి. "నా వెనకే ఉంది, నిండుగా. నన్ను చెరిపేసి చూడు."

"చెరిపేస్తే అక్కడ ఖాళీయే ఉంటుంది బాబాయ్."

ఆమె గిట్టను మాత్రం కత్తిరించి దాచుకుంది.

"ఆ ముక్క మిగిలింది నావల్లేనని మాత్రం రాయకు," అని బాబాయి పటం చంకలో పెట్టుకుని దిగిపోయాడు.