ఉప్పు మడిలో చెప్పులు

నా చిన్నప్పుడు నేను ఆడిన అబద్ధాలకు లెక్కలేదు. బలపం ఎవరో ఎత్తుకుపోయారన్నాను, బడికి వెళ్లాల్సిన రోజున కడుపునొప్పన్నాను, పాలు నేను తాగి పిల్లి మీద పెట్టాను. అవన్నీ ఆ పూటకే చెల్లిపోయాయి. ఒక్కటి మాత్రం చెల్లలేదు. దాని సంగతి ఇంతవరకూ మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

ఇప్పుడు చెప్పడానికి కారణం మా మనవరాలు. మొన్న టీవీలో ఒక పార్టీ మహాసభలు వస్తున్నాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తున్నాం. ఈ పిల్ల ఫోను పట్టుకుని, ప్రసంగం వింటున్న మా మొహాలన్నీ వీడియో తీసింది. తాతయ్య ఆవులింత, వాళ్ల నాన్న చప్పట్లు, గిన్నెలు తోమడానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడిన మనిషి నవ్వు. అన్నీ కలిపి స్నేహితులకు పంపుతుందట. నేను లేచి ఫోను లాక్కుని ఆ నవ్వు ముక్క తీయించేదాకా ఊరుకోలేదు. పిల్ల బుంగమూతి పెట్టి, తను చేసిన తప్పేమిటని అడిగింది. అది ఏ తప్పూ చెయ్యలేదు. దాని వయసులో చేసింది నేను.

మాది నౌపడ పక్కన ఒక పల్లె. నాలుగైదు ఇళ్లవాళ్లకు వరి పొలాలుండేవి. మిగతా ఊరంతా ఉప్పు మడుల్లో పనికి పోయేవారు. మా పెదనాన్న ఊరి ప్రెసిడెంటు, ఊళ్లో పార్టీకీ ఆయనే పెద్ద. కోపిష్ఠి గానీ చెడ్డవాడు కాదు. ఇంటికి ఆకలితో వచ్చినవాణ్ని తినకుండా పంపేవాడు కాదు. కాకపోతే తన మాటకు ఎదురన్నది ఆయన ఎరగడు. మా నాన్నే ఆయన ముందు గట్టిగా దగ్గేవాడు కాదు, ఇక పిల్లలమెంత!

మా పక్కింట్లో ఒకావిడ ఉండేది. చుట్టరికం ఏమీ లేదు, నేను అత్తా అని పిలిచేదాన్ని. భర్త పోయాడు, పిల్లల్లేరు. తాటాకు గుడిసె, వానొస్తే లోపలే నాలుగు చోట్ల గిన్నెలు పెట్టుకునేది. మా అమ్మ చంటిపిల్లాడితో సతమతమయ్యే రోజుల్లో నాకు జడ వేసిందీ, అంబలి పోసిందీ ఆవిడే. ఆవిడ జడ వేస్తే రెండు రోజులైనా వదులయ్యేది కాదు. తల లాగేస్తోందని నేను ఏడిస్తే నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, ఆ వెంటనే నవ్వించేది.

ఆవిడతో పాటు నేనూ అప్పుడప్పుడు మడుల దగ్గరికి పోయేదాన్ని. వానలు వెళ్లిపోయాక, ఉప్పు పనికి ముందు, మడి నేలను కాళ్లతో తొక్కి గట్టి చేస్తారు. ఆడవాళ్లు వరసగా నిలబడి మడమ, మునివేళ్లు, మడమ, మునివేళ్లు అని అడుగులో అడుగు వేసుకుంటూ రోజుల తరబడి తొక్కుతారు. అలా తొక్కిన నేల గచ్చులా తేరుతుంది. దాని మీద చిన్న గంటు పడినా మట్టి లేచి ఉప్పు మురికిగా వస్తుంది. అందుకని మడిలోకి చెప్పులతో ఎవరూ దిగరు. మేస్త్రి కూడా చెప్పులు గట్టు మీద విడవాల్సిందే. ఒకసారి నేను తెలియక దిగితే, అత్త నన్ను రెక్క పట్టుకుని గాల్లోకి లేపి గట్టు మీద పెట్టింది.

నేను ఐదో తరగతిలో ఉండగా మా పార్టీ మహాసభలు ఎక్కడో దూరాన పెద్ద పట్నంలో జరిగాయి. అంత దూరం వెళ్లలేని ఊళ్లవాళ్ల కోసం ప్రసంగాలన్నీ వీడియో క్యాసెట్లో ఎక్కించి పంపారు. పెదనాన్న టెక్కలి నుంచి టీవీ, వీడియో అద్దెకు తెప్పించాడు. ఆదివారం మధ్యాహ్నం బళ్లో వేశారు. వెలుతురు రాకుండా కిటికీలకు గోనెసంచులు కట్టారు. ఊరంతా వచ్చింది. పార్టీ మీద ప్రేమ ఎంతమందికో నాకు తెలియదు గానీ, టీవీ చూడాలన్న ఆశ మాత్రం అందరికీ ఉంది.

ఆరోజు పొద్దున పెదనాన్న నన్ను పిలిచాడు. అంతకు ముందెప్పుడూ ఆయన నన్ను పేరుపెట్టి పిలిచిన గుర్తు లేదు.

"ఎవులు సప్పట్లు కొట్టినారో, ఎవులు మూతి ముడుసుకున్నారో సూసి నాకు సెప్పాల. పైనుంచి అడుగుతారు. నాను తిరిగి సూస్తే అందరూ కొడతారు. నువ్వు గుంటవి, నీ ముందర ఎవులూ దాసరు," అన్నాడు. మా వైపు ఆడపిల్లను గుంట అంటారు.

నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. బడికి వెళ్లి టీవీకి పక్కగా, జనం వైపు మొహం పెట్టి కూర్చున్నాను. ప్రసంగాలు ఒక్కటీ చూడలేదు. జనాన్నే చూశాను. పెదనాన్న మొదటి వరసలో కూర్చుని చెయ్యెత్తినప్పుడల్లా అందరూ చప్పట్లు కొడుతున్నారు. వెనక వరసలో ఒక తాత నిద్రపోయాడు. చేపల బుట్టతో వచ్చినామె ప్రసంగం మధ్యలోనే లేచి బేరానికి పోయింది. నేను అన్నీ వేళ్ల మీద గుర్తుపెట్టుకుంటున్నాను.

అప్పుడు టీవీలో ఎవరో పెద్ద నాయకుడు గొంతు వణికిస్తూ ఉప్పు పనివాళ్ల గురించి ఎత్తుకున్నాడు. ఉప్పు మడుల్లో వట్టికాళ్లతో నడిచే మా అక్కచెల్లెళ్లందరికీ చెప్పులు ఇస్తాం, ఇకమీదట ఒక్క ఆడపడుచు కూడా చెప్పుల్లేకుండా మడిలో అడుగుపెట్టదు అన్నాడు. టీవీలో జనం హోరెత్తిపోయారు. పెదనాన్న చెయ్యెత్తాడు, బడి కూడా మోగింది. ఆ చప్పట్లు ఆగీ ఆగకముందే అత్త ఫక్కున నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుంది గానీ నవ్వు ఆగలేదు. పక్కనున్నామె వైపు వంగి, "మడిలోకి సెప్పులతో దిగితే మేస్త్రి ఆ సెప్పులే మన ఈపు మీద ఏస్తాడే," అంది. ఆ వరసలో ఆడవాళ్లంతా భుజాలు కదిలేలా నవ్వుకున్నారు. నాకూ నవ్వొచ్చింది. అంతే జరిగింది. అంతకు మించి ఒక్క మాట లేదు. ఇది మళ్లీ మళ్లీ ఎందుకు చెబుతున్నానో మీకిప్పుడే తెలుస్తుంది.

సాయంత్రం పెదనాన్న దగ్గర నా చిట్టా విప్పాను. ఆయన వింటూ వింటూ చుట్ట వెలిగించుకున్నాడు. తాత నిద్రకు "ఊఁ" అన్నాడు, చేపలామె సంగతికి అది కూడా అనలేదు. పక్కకు తిరిగి ఎవరితోనో మాట్లాడబోయాడు. నా పెద్దరికం అప్పుడే అయిపోతోందని నాకు భయం వేసింది. పక్కింటి అత్త నవ్విందని చెప్పాను. ఆయన తల ఇటు తిప్పాడు. ఏమందని అడిగాడు. మేస్త్రి మాట చెబితే ఆయన కూడా నవ్వేసి ఊరుకునేవాడేమో. నేనలా చెప్పలేదు. "ఇవన్నీ అబద్ధాలు, ఈ పార్టీకి ఓటేస్తే మన నోట్లో మన్నే" అందని చెప్పాను. ఆ మాట ఎక్కడో సంతలో విన్నది. ఎవరన్నారో కూడా తెలియదు. తెచ్చి ఆవిడ నోట్లో పెట్టాను.

పెదనాన్న చుట్ట పక్కన పెట్టి నా తల నిమిరాడు. ఆ రాత్రి నాకు గర్వంతో నిద్ర పట్టలేదు. సిగ్గులేనిదాన్ని.

అప్పటికే మా ఊరికి సర్కారు పక్కా ఇళ్లు మంజూరయ్యాయి. నాలుగే ఇళ్లు. అత్త పేరు అందులో ఉంది. స్థలానికి రాళ్లు కూడా పాతారు. ఆవిడ ఆ రాళ్ల మధ్య నిలబడి పొయ్యి ఎక్కడ, మంచం ఎక్కడ అని నాకు చూపించింది కూడా. టీవీ వేసిన రెండు రోజులకు, కాగితాల మీద వేలిముద్రలు వెయ్యడానికి నలుగురినీ పెదనాన్న తన అరుగు మీదికి రమ్మన్నాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఊళ్లోవాళ్లు చాలామంది ఉన్నారు. అత్త ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. తన వంతు వచ్చి వేలు చాపగానే పెదనాన్న కాగితం వెనక్కి లాగాడు.

"మా పార్టీకి ఓటేస్తే నోట్లో మన్నేనా? అలాగన్నావంట!"

"నానా బాబూ? ఎప్పుడు? ఎవులు సెప్పినారు?" అంది అత్త. ఆవిడ మొహంలో భయం లేదు, ఆశ్చర్యమే ఉంది.

పెదనాన్న నన్ను చూపించాడు. "ఈ గుంట సెప్పింది. మా ఇంటి పిల్లలు అబద్దం ఆడరు. ఆడిందంటావా, సెప్పు. ఇక్కడే, అందరి ముందరే దీని తోలు తీసేస్తాను," అన్నాడు. అంటూనే దూలానికి దోపిన ఎద్దుల కర్ర అందుకున్నాడు.

అత్త నా వైపు చూసింది. నేను ఆవిడ కాళ్లు చూస్తున్నాను. ఉప్పు నీళ్లకు పగిలి తెల్లబారిన వేళ్లు. ఒక్కసారి తలెత్తి, లేదు, అత్త అనలేదు అని ఉంటే సరిపోయేది. కర్ర దెబ్బలు నాలుగు రోజుల్లో మానేవి.

"అన్నానేమో బాబూ," అంది అత్త. "ఏదో నవ్వులాటకి నోరు జారుంటాది. పిల్లని ఏటీ అనకండి."

పెదనాన్న కర్ర దోపేశాడు. కలం తీసి ఆవిడ పేరు కొట్టేసి, ఆ పైన ఇంకో పేరు రాశాడు. అత్త చాపిన వేలు ముడుచుకుని వెళ్లిపోయింది.

నేను పక్కింటికి వెళ్లడం మానేశాను. మూడో రోజున గోడవతల నుంచి కేక వచ్చింది. "ఏటే గుంటా, తల సింపిరి సేసుకుని తిరుగుతన్నావు, రా ఇలాగ!" వెళ్లి కూర్చున్నాను. ఎప్పటిలాగే జడ వేసింది. ఈసారి గట్టిగా లాగితే బాగుండునని, తిడితే బాగుండునని కోరుకున్నాను. ఆవిడ ఎప్పటిలాగే వేసింది. ఆ ఏటి గాలివానకు ఆ గుడిసె పడిపోతే పన్నెండు రోజులు మా పెదనాన్న అరుగు మీదే తలదాచుకుంది. పెదనాన్నే రమ్మన్నాడు. పూటపూటా ఆవిడకు అన్నం తీసుకెళ్లి పెట్టింది నేనే. పెట్టిన ప్రతిసారీ చెప్పేద్దామనుకున్నాను.

చెప్పింది పదకొండేళ్ల తర్వాత. నాకు చీపురుపల్లి దగ్గర ఒక బళ్లో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. ఆవిడకు చీర తీసుకుని వెళ్లాను. పాత గుడిసె గోడలకే పైన రేకులు వేసుకుని ఉంటోంది. మోకాళ్లు పట్టేసి మడుల పనికి పోవడం లేదు. చీర ఒళ్లో పెట్టి, ఆరోజు నేను అబద్ధం ఆడానని చెప్పి ఏడ్చేశాను.

"నాకు తెల్దేటే? అనని మాట నాననలేదని నాకు తెల్దా?" అని నవ్వింది. మరి ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. "అంతమందిలో నిన్ను కొడితే ఊరంతా అబద్దాలకోరు గుంట అని నీకు పేరెట్టేద్దురు. ఆడపిల్లవి. నానంటే పెద్దదాన్ని, ఒక మాట పడితే ఏటి పోయిందిలే అనుకున్నాను."

నా గుండె మీద బరువు దిగినట్టయింది. ఆవిడ నన్ను కాచింది, క్షమించింది, ఇక ఈ కథ ఇక్కడితో అయిపోయిందనుకుని కళ్లు తుడుచుకున్నాను. ఆవిడ చీర మడత సవరిస్తూ పైన రేకుల వైపు చూసింది.

"బాబు తిట్టి ఊరుకుంటాడనుకున్నాను గానీ, పేరు కొట్టేస్తాడనుకోలేదే," అంది. తర్వాత, ఎవరితోనూ కాదన్నట్టు, "ఆ ఇల్లొచ్చుంటే బాగున్నే," అంది.

ఆవిడ అందులో నన్ను నిష్ఠూరంగా ఏమీ అనలేదు. ఉన్నమాట అంది. నేను ఆవిడ నోట్లో పెట్టిన మాటకూ ఆవిడ నిజంగా అన్న ఈ మాటకూ మధ్య నా బతుకంతా గడిచింది. బళ్లో ఏ పిల్ల వచ్చి ఎవరి మీద చాడీ చెప్పినా, నువ్వు చెవులతో విన్నదెంత, కలిపిందెంత అని అడిగేదాన్ని. పిల్లలు నన్ను మంచి టీచరనేవారు. అత్త ఆ రేకుల కిందే పోయింది.

పదేళ్ల పిల్ల ఆడిన అబద్ధం కదా అని మీరనవచ్చు. నేనూ చాలాసార్లు అదే చెప్పుకున్నాను. కానీ ఆ తర్వాత పెదనాన్న ఇంకో రెండుసార్లు ఇళ్ల జాబితా రాశాడు. ఒకసారి నేను తొమ్మిదో తరగతి, ఇంకోసారి ఇంటర్. రెండింట్లోనూ అత్త పేరు లేదు. రెండోసారి ఆయనకు చూపు ఆనక, పేర్లు నాచేతే రాయించాడు. ఆయన చెప్పిన పేర్లన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి, ఇంకెవరైనా ఉన్నారా పెదనాన్నా అని కూడా అడగకుండా కాగితం ఇచ్చేశాను.