ఎండుద్రాక్ష కళ్లం

ఈమధ్య కెనడాలోని సస్కటూన్‌లో మా బావమరిది గృహప్రవేశం జరిగింది. మార్కమ్ నుంచి మా ఆవిడా నేనూ ముందురోజే వెళ్ళాం. పాలు పొంగించే వేళకి మా బావమరిది పాల డబ్బా తెచ్చి, స్టవ్ దగ్గర పెట్టకుండా భార్య చేతికిచ్చి "డేట్ చూడు" అన్నాడు. ఆ అమ్మాయి చూసి, బాగానే ఉందని చెప్పి, నా వైపు తిరిగి నవ్వింది. "ఏది కొన్నా నాతో చదివిస్తారు అన్నయ్యగారూ. తన కళ్ళ మీద తనకే నమ్మకం లేదు. అంతా మీ టర్కీ చలవే." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. భోజనాల దగ్గర ఎవరో ఆ టర్కీ కథ మళ్ళీ చెప్పమన్నారు. వీసా చూసుకోకుండా పడవెక్కిన కుర్రాడు పరాయి దేశపు రేవులో చిక్కుకుపోయిన కథ. ఏళ్ల తరబడి దాన్ని నేనే చెబుతున్నాను. ఎక్కడ ఆగితే ఎక్కడ నవ్వుతారో నాకు బాగా తెలుసు. ఆ రోజు మాత్రం చెప్పబుద్ధి కాలేదు, ఎందుకంటే ఆ కథ అబద్ధం.

మా బావమరిది ఇక్కడికి వచ్చిన రోజుల్లో హైదరాబాద్ నుంచి వచ్చే ప్రతి విమానంలోనూ సగం మంది మన పిల్లలే ఉండేవారు. ఒక్కొక్కరి దగ్గరా రెండు పెద్ద పెట్టెలు, అందులో ఒక కుక్కరు, ఆ కుక్కర్లో కుక్కిన కందిపొడి. ఇతను వ్యవసాయం చదువుకున్నవాడు, పై చదువుకి సస్కటూన్ వచ్చాడు. తనలాంటి కుర్రాళ్ళతో కలిసి ఒక బేస్‌మెంట్‌లో ఉంటూ, శని ఆదివారాలు కిరాణా షాపులో అరలు సర్దేవాడు. వాళ్ళ నాన్నగారు, అంటే మా మామగారు, గుంటూరు దగ్గర మిర్చి రైతు. మిరపకాయలు కళ్లంలో ఆరబోశాక ఆకాశం వంక చూస్తూ బతికే ఇల్లు వాళ్ళది. అందుకేనేమో, పంటని ఎండబెట్టడం మీద ఇతనికి వల్లమాలిన ఆసక్తి. గ్రీసులో కొండల కింద ద్రాక్షపళ్ళని మన మిరపకాయల్లాగే నేల మీద పరిచి ఎండబెడతారని ఎక్కడో చదివి, అక్కడి ఒక రైతు కొడుకుతో నెలల తరబడి మెయిల్స్ రాసుకున్నాడు. ఎన్నాళ్ళు ఎండాలి, వాన పడితే ఏం కప్పుతారు, మంచు దిగితే ఏం చేస్తారు. చివరికి వాళ్ళు, కళ్లాల కాలంలో వచ్చి తమ ఇంట్లోనే ఉండమన్నారు. మా గ్రీసు ప్రయాణానికి మూలం అదీ. ఆ సంగతి నేను ఎక్కడా చెప్పలేదు. ప్లాన్ నాదేనని చెప్పుకున్నాను.

మా ఆవిడా, నేనూ, మా అమ్మాయీ, అతనూ. మూడు వారాలు, ఒక్కటే దేశం. ఊళ్ళు, పల్లెలు, సముద్రం, చివరి వారం ఆ కళ్లాలు. మా ఆవిడకి బాగా నచ్చింది. నాకు మాత్రం బయల్దేరకముందే గుండెల్లో ముల్లు గుచ్చుకుంది. అప్పట్లో మా మార్కమ్ స్నేహితుల ఇళ్ళలో ఎవరెన్ని దేశాలు కవర్ చేశారో ఫ్రిజ్ చూసి చెప్పేయవచ్చు. దేశానికొక మాగ్నెట్. "మూడు వారాలకి ఒక్క దేశమేనా? ఆ టైములో మేం ఏడు లాగించాం" అన్నాడు నాతో పనిచేసే ఆయన, గారె తుంచుతూ. ఆ గారె, ఆ నవ్వు నాతో పాటు విమానం ఎక్కాయి.

ఇక ప్రయాణమంతా నా చిరాకే. ఏథెన్స్‌లో ఎండ పాతరాళ్ళ మీద పడి మొహాన కొడుతుంటే, మా అమ్మాయి ప్రతి మ్యూజియం దగ్గరా "డాడ్, ఇంకెన్ని?" అని ఇంగ్లీషులో అడిగేది. కొండదారుల్లో అద్దెకారు మలుపు మలుపుకీ మూలిగేది. ఎదురుగా మేకల మంద వస్తే మా బావమరిది దిగి కాపరితో చేతులతో మాట్లాడుతూ నిలబడిపోయేవాడు, నేను హారన్ కొట్టేవాణ్ణి. దారిలో ఒక ముసలాయన అంజూరపళ్ళు పెట్టి కూర్చోమంటే, మధ్యాహ్నంలోపు ఇంకో ఊరు చూడాలని కూర్చోనివ్వలేదు. ఎన్ని ఊళ్ళు చూసినా ఫ్రిజ్ మీద పెరిగేది ఒక్క మాగ్నెట్టే కదా అన్న దిగులు నాది. ఇప్పుడు తలుచుకుంటే ఆ అంజూరపళ్ళ రుచి ఎలా ఉండేదో కూడా నాకు తెలియదు.

రెండో వారం చివర ఒక దీవికి చేరాం. అక్కడి రేవులో నిలబడితే ఎదురుగా టర్కీ కొండలు కనిపిస్తాయి. పొద్దున పడవెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చని బోర్డు పెట్టారు. నా ప్రాణం లేచొచ్చింది. అమ్మాయికి కడుపు బాగోలేక మా ఆవిడ తనతో ఉండిపోయింది. నేనూ బావమరిదీ వెళ్దామన్నాను. గ్రీసు వీసా ఉంది కాబట్టి అతనికి టర్కీ వీసా ఫోన్లోనే నిమిషాల్లో వచ్చేసింది. అది చూసి నాకు ధైర్యం ఇంకా పెరిగింది. టిక్కెట్ల కిటికీ దగ్గర అతను నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"బావా, నా గ్రీసు వీసా సింగిల్ ఎంట్రీ. ఒకసారి బయటికెళ్తే మళ్ళీ రానివ్వరేమో."

"పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేదాన్ని బయటికెళ్ళడం అంటారా? రానూపోనూ టిక్కెట్టు వాడే ఇస్తుంటే."

"ఎవర్నైనా ఒకసారి అడుగుదామా?"

"ఏం, నా మాట మీద నమ్మకం లేదా?"

వాళ్ళింట్లో అల్లుడి మాటకి ఎవరూ అడ్డు చెప్పరు. నేను కాఫీలో పంచదార ఎక్కువైందంటే, కాకపోయినా, మా మామగారు కూడా ఎక్కువైందనే అంటారు. అది మర్యాద. ఆ మర్యాదని నేనెప్పుడూ నా తెలివి అనుకుంటూ వచ్చాను. అతను ఇంకేం మాట్లాడకుండా పాస్‌పోర్ట్ తీసి నా చేతికిచ్చాడు. అతనిది ఇండియాది, నాది కెనడాది. అట్టలు రెండూ ముదురు నీలమే. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీలోంచి అందించాను.

టర్కీలో ఏం చూశామో అడక్కండి. ఒక బజారు, ఒక కోట గోడ, టీ. మాగ్నెట్ కొన్నాను. సాయంత్రం తిరుగు పడవ దగ్గర టిక్కెట్లు చూసే ఆవిడ నా పాస్‌పోర్ట్ చూసి ఇచ్చేసింది. అతనిది తెరిచి, వీసా మీద వేలుపెట్టి, తల అడ్డంగా ఊపింది. ఇది వాడేశారు, అవతల దిగనివ్వరు, మిమ్మల్ని ఎక్కిస్తే మాకు జరిమానా అంది. నేను గొంతు పెంచాను, మేనేజర్‌ని పిలవమన్నాను, ఎవరూ కదల్లేదు. అతను ఆవిడ వంక చూడలేదు, నా వంక చూశాడు. 'నేను చెప్పాను కదా' అంటాడని ఎదురుచూశాను. ఆ మాట అని ఉంటే ఇవాళ ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

"మీరెళ్ళండి బావా. అక్కా పాపా ఎదురుచూస్తుంటారు" అన్నాడు.

వెళ్ళాను. అతని ఒంటి మీదున్న బట్టలు, పాస్‌పోర్ట్, ఫోను, ఒక టోపీ తప్ప మిగతావన్నీ మా గదిలోనే ఉన్నాయి. పడవ కదిలాక రేవులో చెయ్యి ఊపుతూ చిన్నగా అయిపోయాడు. ఇవతల గట్టు మీద మా ఆవిడ నిలబడి ఉంది. దిగేవాళ్ళందరి వెనకా వెతికి "వాడేడండీ?" అంది. నిజం నాలిక చివరే ఉంది. "మీ తమ్ముడు వీసా సరిగ్గా చూసుకోకుండా వచ్చాడు" అన్నాను, నాకూ అప్పుడే తెలిసినట్టు. ఆవిడ అక్కడే ఫోన్ చేసి, చదువుకున్నవాడివి ఆమాత్రం చూసుకోవద్దా అని తమ్ముణ్ణి ఏడుస్తూ తిట్టింది. అతను "సారీ అక్కా" అనడం నాకు వినిపించింది.

అతను ఇస్తాంబుల్ మీదుగా సస్కటూన్ వెళ్ళిపోయాడు. మేం కళ్లాలకి వెళ్ళాం. వస్తామని మాటిచ్చేశాం కదా అన్నాను. కొండవాలునంతా నల్లద్రాక్ష పరిచి ఉంది. కొయ్య పారలతో తిరగేస్తుంటే బెల్లం కాగుతున్న వాసన, దాని కింద కాస్త పులుపు. ఆ ఇంటి ముసలమ్మ అతని కోసం ఒక గడ్డి టోపీ తీసిపెట్టింది. ఉత్తరాలు రాసిన అబ్బాయేడని కొడుకు చేత అడిగించింది. మా ఆవిడ "అచ్చం మా నాన్న కళ్లంలా ఉంది" అని కారులోకి వెళ్ళి కూర్చుంది. నేను ఫోటోలు తీశాను. వచ్చేటప్పుడు ఒక పొట్లం ఎండుద్రాక్ష కొని అతనికి పంపించాను. బాగున్నాయి బావా అన్నాడు. ఆ తరవాత అతను ఇండియాకి తప్ప మరే దేశానికీ వెళ్ళలేదు. కంపెనీ వాళ్ళు పంపిస్తామన్నా, ఆ పేపర్లతో నావల్ల కాదని తప్పుకున్నాడట. ఈ సంగతి కూడా మొన్న గృహప్రవేశంలో అతని భార్య చెబితేనే తెలిసింది.

అందుకే ఆ రోజు విస్తరి ముందు కూర్చుని, అందరూ వింటుండగా చెప్పేశాను. అతను వీసా చూసుకున్నాడు, నాకు చెప్పాడు, నేనే వినలేదు. తరవాత ఒక పెద్దాయన నా భుజం తట్టి, బావగారంటే ఇలా ఉండాలి, కొత్త ఇంట్లో కుర్రాడి పరువు కాపాడుతున్నారు అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. కాదు మొర్రో అన్నకొద్దీ నా మంచితనం పెరిగిపోతోంది. మా ఆవిడ కూడా నా విస్తట్లో ఇంకో బూరె వేసింది. అబద్ధం చెప్పినప్పుడు అందరూ నమ్మారు, నిజం చెబితే బూరె పెట్టారు. ఇంతకన్నా ఉక్రోషం నాకెప్పుడూ రాలేదు.

చేతులు కడుక్కునే చోట అతన్ని పట్టుకున్నాను. "నువ్వైనా చెప్పు. టిక్కెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని అడిగావా లేదా?"

అతను తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. నన్ను క్షమించడానికి కాదు, నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి. "అడిగానా బావా? నాకలా గుర్తులేదే. అంత తెలిసుంటే పడవెక్కేవాణ్ణి కాదు కదా" అన్నాడు.

ఇంటికొచ్చి ఫ్రిజ్ మీదున్న ఆ టర్కీ మాగ్నెట్ తీసేశాను. దాని వెనక ఫ్రిజ్ రంగు మాత్రం కొత్తగా, కొన్నరోజున ఉన్నట్టే ఉంది. ఆ అబద్ధాన్ని మొదలుపెట్టింది నేను, నిజం చేసింది గడిచిపోయిన ఏళ్ళు. వెళ్తూ వెళ్తూ అవి అతని జ్ఞాపకాన్ని కూడా పట్టుకుపోయాయి. ఆ పొద్దున అతను నా మోచెయ్యి పట్టుకున్నాడని ఇప్పుడీ లోకంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.