బూటు వంగే చోటు

మా నాయన ఏ బూటునైనా ముందు బొటనవేలితో నొక్కి చూసేవాడు. కొట్లో వేలాడే బూటైనా, పక్కింటాయన కొత్తగా కొనుక్కొచ్చిన బూటైనా సరే, చీలమండ దగ్గర పట్టుకుని గట్టిగా నొక్కుతాడు. తోలు లోపలికి పోయిందంటే "ఇది బూటు కాదప్పా, మేజోడు" అనేసి పక్కన పెడతాడు. గని కూలీలు వరసగా కాపురముండే మా లైన్లలో ఆయన మాటకి విలువుండేది, ఎందుకంటే మెత్తటి బూటు ఏం చేస్తుందో ఆయన కాలే చూపించేది. నా చిన్నప్పుడు ఆయన మెత్తటి బూట్లతో గని లోపల పనిలో ఉండగా రాయి నింపిన ట్రాలీ పట్టాలు తప్పి ఎడమ చీలమండ మీదికి ఒరిగింది. ఎముక అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. అడుగు వేస్తే పాదం పక్కకి పడిపోతుంది. అప్పట్నుంచి ఆయనకి పైన ల్యాంప్ రూంలో పని. గనిలోకి దిగేవాళ్ళకు దీపాలివ్వడం, ఎక్కి వచ్చినవాళ్ళ దగ్గర తీసుకోవడం.

ఆస్పత్రిలో ఆయన కాలి కొలతకు ఒక బూటు కుట్టించి ఇచ్చారు. నల్లది, రెండు పక్కలా ఇనప కడ్డీలు, పైన పిక్క దగ్గర బెల్టు. ఒక్కరోజు వేసుకున్నాడు. ఆ రోజు వీధిలో ఎవరైనా నవ్వారో, నవ్వకుండా జాలిగా చూశారో తెలియదు, ఇంటికొచ్చి విప్పి మూలకి విసిరేశాడు. "కుంటోడని బోర్డు కట్టుకోని తిరగమంటారా నన్ను?" అన్నాడు. మర్నాటి నుంచి మళ్ళీ చెప్పులే. గోడ ఉన్నచోట గోడ పట్టుకునేవాడు, గోడ లేనిచోట అమ్మ భుజం. ఆయనతో నడిచీ నడిచీ అమ్మ ఒక్కతే నీళ్ళకి పోయేటప్పుడు కూడా మెల్లగానే నడిచేది. కడ్డీల బూటు ఏమైందని ఒకసారి అడిగితే పాత ఇనుపోడికి వేసేశానంది.

అసలు నేను చెప్పబోయేది ఆ బూటు గురించి కాదు, నా స్కేటింగు బూట్ల గురించి.

ఊరిగాంలో మా బడికి దగ్గరగా ఒక పాత క్లబ్బు ఉండేది. గనులు సర్కారు చేతికి వచ్చాక తెల్లదొరలు వెళ్ళిపోయారు, వాళ్ళు డాన్సులాడిన చెక్క నేల మిగిలింది. మా బడిలో ఆటలు నేర్పే మిస్సు చిన్నప్పుడు ఆ నేల మీదే చక్రాల స్కేటింగు నేర్చుకుందట. శనివారాలు మాలో కొందరు ఆడపిల్లల్ని తీసుకుపోయి నేర్పేది. స్కేటింగంటే పరుగు పందెం అనుకుంటారు చాలామంది. మాది అది కాదు. నేల మీద సుద్దతో గీసిన గుండ్రాల మీద, గీత తప్పకుండా, ఒంటికాలి మీద పోవాలి. ముందుకు పోవాలి, అట్లాగే వెనక్కీ పోవాలి. మధ్యలో గిర్రున తిరగాలి, చిన్న ఎగురు ఎగిరి అదే గీత మీద దిగాలి. నాకు చదువు అంతంతమాత్రం. కోపం మాత్రం ఇంటికి సరిపడా ఉండేది. ఆ గుండ్రాల మీద ఉన్నంతసేపు ఆ కోపం ఎటు పోయేదో నాకే తెలిసేది కాదు.

బెంగళూరులో రాష్ట్ర జట్టుకి సెలెక్షను ఉందని మిస్సు చెప్పింది. నన్ను తీసుకుపోతానంది. ఒక షరతు పెట్టింది. క్లబ్బులో ఉన్నవి అందరూ వేసుకుని వేసుకుని గోనెసంచుల్లాగా అయిపోయిన స్కేట్లు. ముందు భాగంలో గుడ్డలు కుక్కుకుని వేసుకునేవాళ్ళం. వాటితో గుండ్రం తిరుగుతుంటే నా చీలమండ లోపలికి పడిపోతోంది. "సొంత బూట్లు ఉండాల. వాటితో అలవాటు పడాల. లేకుంటే అక్కడికి పోయేది దండగ" అంది. ఎట్లాంటివి కొనాలో కూడా చెప్పింది. "బూటు ముందుకి వంగాల. పక్కకి వంగకూడదు. నీ బరువుకి మధ్యరకం చాలు. రొంబ గట్టిది వద్దు."

ఆ చివరి మాట నేను నాయనకి చెప్పాను. ఆయన విన్నాడు కూడా. వినడం వేరు, చేయడం వేరు.

బెంగళూరులో కంటోన్మెంటు పక్క ఒక ఆటసామాన్ల కొట్టు. కొట్టాయన మూడు జతల తెల్ల బూట్లు బల్ల మీద పెట్టాడు. నాయన వరుసగా బొటనవేలు పెట్టి నొక్కాడు. మొదటిది లోపలికి పోయింది. రెండోది కొంచెం లొంగింది. మూడోది నొక్కితే ఆయన గోరే తెల్లబడింది గాని తోలు కదల్లేదు. నాయన ముఖం విప్పారింది.

"అది పెద్దోళ్ళదప్పా. గాల్లో రెండు చుట్లు తిరిగి దూకేవాళ్ళు వేసుకునేది. పాపకి ఈ నడిమిది తీసుకో" అన్నాడు కొట్టాయన.

"పెద్దోళ్ళ కాలు కాపాడేది చిన్నపిల్ల కాలు కాపాడదా?" అన్నాడు నాయన. "కాలిరిగితే అది నడిమిరకంగా ఇరగదప్పా."

ఆ మాటకి కొట్టాయన నాయన కాలు చూసి, మిగతా రెండు జతలూ బల్ల మీంచి తీసేశాడు. నేనైనా నోరు తెరవాల్సింది. కాని ఆ కొత్త తోలు వాసన, ఆ తెలుపు, ఆ వరస కన్నాలు, వాటిలో పొడుగు లేసులు. ఆ క్షణంలో చెక్కతో చేసిన బూటిచ్చినా తలూపేదాన్నే. అడుగున ఇనప పట్టీ, చక్రాలు బిగించేశారు. బిగించినాక వాపసు లేదని గోడ మీద రాసే ఉంది.

ఆయుధపూజ ఆ వారంలోనే వచ్చింది. అమ్మ సైకిలుతో పాటు నా స్కేట్లకి కూడా పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. లారీ ఎక్కించినట్టు నేను బూట్లలో నిలబడి వాటిని తొక్కాలంది. నిమ్మకాయ నలగలేదు, నేనే వెనక్కి పడ్డాను. అమ్మ నవ్వి, నూనె గిన్నె, కుంకుమ భరిణె తీసుకుని కత్తిపీటకి, రోలుకి, పారకి బొట్లు పెట్టుకుంటూ పోయి, స్టూలెక్కి అటక మీది సామాన్లకి కూడా పెట్టి దిగింది. ఏటేటా చేసేదే గనక నేను పట్టించుకోలేదు.

శనివారం క్లబ్బులో సంగతి బయటపడింది. స్కేటింగులో మోకాలు వంచకుండా ఏ పనీ జరగదు. మోకాలు వంగాలంటే చీలమండ ముందుకి వాలాలి. నా బూట్లలో అది వాలదు. సిమెంటు గొట్టంలో కాళ్ళు పెట్టి నిలబడినట్టుంది. వంగబోతే బరువంతా వెనక్కి పోయి పడడం, లేవడం, మళ్ళీ పడడం. క్లబ్బు స్కేట్లలో రెండు చుట్లు పోగలిగిన గుండ్రం ఇప్పుడు సగం కూడా పోలేకపోయాను. మిస్సు బూటు చేతిలోకి తీసుకుని ముందుకి వంచి చూసింది. "మంచి బూటే. నీకు మాత్రం కాదు. నీ బరువుకి ఇది వంగాలంటే ఏడాది పడతాది" అంది. సెలెక్షనుకి ఉన్నది రెండు నెలలు.

అత్త మీది కోపం దుత్త మీద చూపించినట్టు ఇంటికొచ్చి బూట్లని నేలకేసి కొట్టాను.

"పక్కకి వంగిందా?" అన్నాడు నాయన తాపీగా.

"లేదు."

"మరింగేం?"

"ముందుకీ వంగలేదు నాయనా! ఇవి బూట్లు కాదు, రోకళ్ళు. మిస్సు చెప్పింది ఒకటి, నువ్వు కొన్నింది ఒకటి. నా సెలెక్షను పాయె!"

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, మా ఇంట్లో అట్లాంటివాళ్ళు ఇద్దరం. రెండు రోజులు మాటల్లేవు. మూడోరోజు డ్యూటీ నుంచి వచ్చి స్క్రూడ్రైవరు తీసుకుని కూర్చున్నాడు. చక్రాల పట్టీ ఊడదీశాడు. "నీ బరువుకి ఏడాదైతే నా బరువుకి ఎన్నాళ్ళమ్మా?" అన్నాడు. ఆయన పొట్టి మనిషి. నావి వయసుకి మించిన పాదాలు, బాతు కాళ్ళని అమ్మ ఎగతాళి చేసేది. ఆయన కాలు నా బూట్లో సరిగ్గా దూరింది. లేసులు పైదాకా బిగించి లేచి నిలబడ్డాడు.

లుంగీ కింద ఎత్తు మడమలున్న తెల్ల బూట్లు. లైన్లంతా పండగ చేసుకున్నారు. "ఏమప్పా, సర్కస్సులో చేరినావా?" అని ఒకరంటే, "జీతమెంత ఇస్తారంట?" అని ఇంకొకరు. నాయన చలించలేదు. "పాప బూటు. మెత్తజేస్తా ఉండాను" అనేవాడు, అదేదో కంపెనీ అప్పజెప్పిన పనైనట్టు. నాకు మాత్రం సిగ్గుతో చచ్చినంత పనైంది.

ముందు గమనించింది అమ్మ. ఒక సాయంత్రం వీధి తలుపు దగ్గర నిలబడి, "మీ నాయన నడక చూడు" అంది మెల్లగా.

చూశాను. నాయన కొళాయి నుంచి వస్తున్నాడు. చేతిలో బిందె. ఇంకో చేయి గోడ మీద లేదు, ఊరికే వేలాడుతోంది. పాదం పక్కకి పడడం లేదు. అడుగులు నేరుగా పడుతున్నాయి.

ఆ తర్వాత ఆయన్ని ఇంట్లో పట్టుకోవడం కష్టమైంది. బూట్లు మెత్తబడాలి గదా అని నెపం. ఆండర్సన్‌పేటకి నడిచి పోయి కూరగాయలు తెచ్చాడు. ఎప్పుడో పోవడం మానేసిన పాత స్నేహితుల ఇళ్ళకి పోయి వచ్చాడు. డ్యూటీకి కూడా వాటిలోనే పోయాడు. ఆదివారం, గని మట్టి పోసే సైనైడు దిబ్బ దాకా ఊరికే, ఏ పనీ లేకుండా, నడిచి వచ్చాడు. నాకు ఊహ తెలిసినాక ఆయన పని లేకుండా నడవడం చూసింది అదే మొదటిసారి. కాలు విరిగినప్పట్నుంచి ఆ ఎనిమిదేళ్ళూ ఆ మనిషి ఎంత నడవాలనుకుని ఆగిపోయాడో నాకు ఆ రోజు అర్థమైంది.

సెలెక్షను దగ్గర పడింది. మిస్సు బూట్లు తెచ్చి చూపించమంది. చీలమండ ముందు, లేసుల కింది నాలుక మీద, రెండు మడతలు పడ్డాయి. వంచితే వంగింది. పక్కలు మాత్రం అట్లాగే గట్టిగా ఉన్నాయి. "పర్ఫెక్టు. రేపే చక్రాలు బిగించు" అంది మిస్సు, సంతోషంగా.

ఇంటికొచ్చి, "ఇంకా గట్టిగా ఉండాయంట నాయనా. ఇంకో వారం వేసుకో" అన్నాను.

ఆయన సరేనని మళ్ళీ వేసుకున్నాడు. వారం పోయింది. మళ్ళీ అదే చెప్పాను. నాకు ఆ సెలెక్షను కావాలి, అంత ఇష్టంగా ఇంకేదీ అప్పటిదాకా కోరుకోలేదు. కాని బూట్లు తీసుకుంటే నాయన మళ్ళీ గోడ దగ్గరికి పోతాడు. ఇట్లాంటివే ఒక జత కొనుక్కోమంటే, కొనుక్కోడు. కూతురి బూటైతేనే ఆయన వేసుకుంటాడు, తన కాలి కోసమంటే వేసుకోడు. మిస్సుకి ఏదో సాకు చెప్పి క్లబ్బు స్కేట్లతోనే పోదామనుకున్నాను. పోతే పోయింది.

సెలెక్షనుకి ముందురోజు పొద్దున నాయన బూటు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. ముందు మడత దగ్గర బొటనవేలితో నొక్కాడు. పక్కల నొక్కాడు. మళ్ళీ ముందు నొక్కాడు.

"వంగాల్సిన చోట వంగతా ఉండాది. వంగకూడని చోట వంగలేదు. మీ మిస్సుకి బొటనవేలు లేదా?" అన్నాడు.

నేను నేల చూశాను.

"నాకోసరం అబద్ధాలు చెప్తా ఉండావా పాపా?"

"నువ్వు దీంట్లో నేరుగా నడస్తా ఉండావు నాయనా" అన్నాను, ఏడుపొచ్చేసింది.

ఆయన స్క్రూడ్రైవరు తీసుకుని పాత కన్నాల్లోనే స్క్రూలు పెట్టి, ఒక్కొక్కదానికీ సబ్బు రాసి, రెండు బూట్లకీ చక్రాలు బిగించాడు. తిప్పి చూసి నా పక్కకి జరిపాడు. తర్వాత పొయ్యి దగ్గరున్న అమ్మ వైపు చూడకుండా అడిగాడు.

"ఆ కడ్డీల బూటు నిజంగానే పాత ఇనుపోడికి వేసేసినావా?"

అమ్మ రాగిసంకటి కెలుకుతున్న కట్టె పక్కన పెట్టి, చేయి కడుక్కుని, స్టూలేసుకుని అటక ఎక్కింది. గోనెపట్టాలో చుట్టిన మూట దించి ఆయన ముందు విప్పింది. నల్ల బూటు. ఎక్కడా ఎండలేదు, పగల్లేదు, నూనెతో నిగనిగలాడుతోంది. కడ్డీలకి తుప్పు లేదు. ముందు భాగంలో కుంకుమ బొట్టు మీద కుంకుమ బొట్టు, ఏటేటా పెట్టినవి, గట్టిపడి చిన్న గుట్టలాగా ఉన్నాయి. పైబొట్టు ఇంకా ఎర్రగానే ఉంది.

నాయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు పోదు గదా, బొటనవేలితో నొక్కాడు.

"నూనె జాస్తీ అయిపోయిండాది" అన్నాడు.

"తోలు మెత్తబడితే పడనీ. కడ్డీలు మెత్తబడవులే. వేసుకో" అంది అమ్మ.

సెలెక్షను సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నాకు మూడో స్థానం వచ్చింది, తీసుకున్నది ఇద్దర్ని. ఏడ్చాను, మళ్ళీ ఏడాదికి పోయాను, అప్పుడు తీసుకున్నారు. ఆ బూట్లు నాకు ఇరుకయ్యేదాకా వాటిలోనే ఆడాను.

కాని నాకు బాగా గుర్తున్నది అటక మీది బూటు దించిన మర్నాడు స్టేషనుకి నడవడం. బెంగళూరు బండికి ముగ్గురం బయల్దేరాం. నాయన ఒక కాలికి కుంకుమబొట్ల నల్ల బూటు, ఇంకో కాలికి మామూలు బూటు. లైన్లలో అందరూ చూశారు. ఆయన ఎవరికీ ఏ సంజాయిషీ చెప్పలేదు. నేను స్కేట్ల సంచి మోసుకుంటూ వెనక నడిచాను. ముందు నాయన, పక్కన అమ్మ. కొంచెం దూరం పోయాక అమ్మ వెనకబడింది. ఆగి నాయన్ని ఒకసారి చూసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఆయన్ని అందుకోడానికి అడుగు వేగం పెంచింది.